మోటార్‌హోమ్ పైకప్పు మీద సోలార్: ప్యానల్ మీద రాసిన వాట్లు వేరు, బ్యాటరీకి చేరే వాట్లు వేరు

మోటార్‌హోమ్ (లోపలే ఉండి ప్రయాణించే ఇల్లులాంటి బండి) పైకప్పు మీద 400 వాట్ల ప్యానళ్ళు బిగించి, మబ్బు లేని మధ్యాహ్నం కంట్రోలర్ (ప్యానల్ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు పంపే పెట్టె) డిస్‌ప్లే చూస్తే 290 వాట్లు అని కనిపిస్తుంది. చాలామందికి టెన్షన్ అక్కడే మొదలవుతుంది. ప్యానల్ నాసిరకమా, వైరింగ్‌లో తప్పుందా, మిగతా 110 వాట్లు ఎటు పోయాయి? నిజానికి పైకప్పు మీద పడుకోబెట్టిన ప్యానళ్ళకు 290 మంచి అంకె. ఎండ పడిన చోటి నుంచి బ్యాటరీ దాకా వచ్చే దారిలో ఒక్కోచోట కొంత కొంత తరుగు పోతుంది. ఆ తరుగు ఎక్కడ పోతోందో, అందులో మన చేతిలో ఉన్నదెంతో తెలిస్తే ఎన్ని వాట్లు కొనాలి, ఎక్కడ బిగించాలి, ఏ వైరు వాడాలి అన్నవి చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

ప్యానల్ వెనక స్టిక్కర్ మీద ఉండేది ల్యాబులో కొలిచిన అంకె. చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుతురు నిటారుగా పడాలి, అదే సమయంలో సెల్ (ప్యానల్‌లో వెలుతురును కరెంటుగా మార్చే సిలికాన్ బిళ్ళ) 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి. బయట ఈ రెండూ ఒకేసారి కుదరడం అరుదు. అంత ఎండ కాసే రోజు ప్యానల్ చల్లగా ఉండదు, ప్యానల్ చల్లగా ఉండే రోజు అంత ఎండ ఉండదు. సిలికాన్ సెల్ వేడెక్కే కొద్దీ దాని వోల్టేజి పడిపోతుంది. 25 దాటాక ప్రతి డిగ్రీకీ పవర్ సుమారు 0.35% తగ్గుతుంది. ఎండాకాలం పైకప్పు మీద సెల్ 65 డిగ్రీలకు చేరడం మామూలే కాబట్టి, 40 డిగ్రీల తేడాకు 14% అక్కడే పోయినట్టు. ప్యానల్ పడుకుని ఉండడం వల్ల కిరణాలు ఏటవాలుగా తగిలి ఇంకొంత, గాజు మీద దుమ్ముకి కొంత, వైర్లలో 2–3%, కంట్రోలర్‌లో మరికొంత పోతాయి. రోజు మొత్తం మీద స్టిక్కర్ అంకెలో 70–75% బ్యాటరీకి చేరితే ఆ సిస్టమ్ బాగా పనిచేస్తున్నట్టే లెక్క.

ముందు ఖర్చు లెక్క

ఎన్ని వాట్ల ప్యానల్ పెట్టాలి అన్నది మొదటి ప్రశ్న కాదు. బండిలో రోజుకు ఎంత కరెంటు ఖర్చవుతుంది అన్నది మొదటి ప్రశ్న. దాన్ని వాట్ అవర్లలో లెక్కేయాలి. ఒక వస్తువు ఎన్ని వాట్లు తీసుకుంటుందో దాన్ని ఎన్ని గంటలు వాడతామో దాంతో గుణిస్తే వచ్చేది వాట్ అవర్లు. అవి వెయ్యి అయితే ఇంటి మీటరులో ఒక యూనిట్.

ఒక మామూలు బండిని తీసుకుందాం. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ నడిచేటప్పుడు 45 వాట్లు తీసుకుంటుంది. ఆగుతూ నడుస్తూ రోజులో 10 గంటలు నడిచిందనుకుంటే 450 వాట్ అవర్లు. ఎల్ఈడీ లైట్లన్నిటికీ కలిపి 100. రూఫ్ ఫ్యాన్ 30 వాట్ల చొప్పున రాత్రంతా 8 గంటలు తిరిగితే 240. ల్యాప్‌టాప్ 60 వాట్లతో 3 గంటలకు 180. ఫోన్లకు 60. నీళ్ళ పంపు చప్పుడు గట్టిగానే చేస్తుంది కానీ రోజు మొత్తం మీద నడిచేది పావుగంటే, దాని ఖర్చు 15 వాట్ అవర్లు దాటదు. అన్నీ కూడితే సుమారు 1050.

ఈ లెక్కలో చాలామంది మర్చిపోయేది ఇన్వర్టర్. దానికి ఏ వస్తువూ తగిలించకపోయినా, ఆన్‌లో ఉన్నంతసేపూ తన కోసం తాను కొంత తాగుతూనే ఉంటుంది. 12 వాట్లే కదా అనిపిస్తుంది. 24 గంటలకు అది 288 వాట్ అవర్లు, అంటే ల్యాప్‌టాప్ కన్నా, ఫ్యాన్ కన్నా ఎక్కువ. కొత్తగా 100 వాట్ల ప్యానల్ కొనే ముందు, రాత్రి పడుకునేటప్పుడు ఇన్వర్టర్ స్విచ్ ఆపే అలవాటు చేసుకోవడం ఎంతో తేలిక. ఫోన్లు, వీలైతే ల్యాప్‌టాప్ కూడా 12 వోల్టుల సాకెట్ నుంచే నేరుగా చార్జ్ చేసుకుంటే ఇన్వర్టర్‌తో పని ఇంకా తగ్గుతుంది.

ఏసీ సంగతి వేరు. పైకప్పు ఏసీ 1300 నుంచి 1500 వాట్లు తీసుకుంటుంది. ఆగకుండా ఐదు గంటలు నడిస్తే ఏడు యూనిట్లకు దగ్గరగా ఖర్చవుతుంది. పైకప్పు మీద కష్టపడి 600 వాట్ల ప్యానళ్ళు పట్టించినా మంచి ఎండ రోజున రెండు యూనిట్ల పైచిలుకు వస్తాయి, అంతే. సోలార్ పెట్టుకుంటే ఏసీ ఉచితంగా నడుస్తుందన్న ఆశతో పని మొదలుపెట్టడం కన్నా, ఏసీకి బయటి కనెక్షనో జనరేటరో ఉంటుందని ముందే అనుకుని మిగతా ఇంటిని సోలార్ మీద నడుపుకోవడం తెలివైన పని.

ఇప్పుడు రాబడి. ఒక చోట రోజంతా పడే ఎండను మొత్తం పోగుచేసి, అది 1000 వాట్ల నిండు ఎండలో ఎన్ని గంటలకు సమానమో చెప్పే అంకెను పీక్ సన్ అవర్స్ అంటారు. పగలు 12 గంటలు ఉన్నా ఈ అంకె చాలాచోట్ల 4, 5 దగ్గరే ఉంటుంది. శీతాకాలంలో, భూమధ్యరేఖకు దూరంగా ఉన్న చోట్ల ఒకటికీ రెండుకీ పడిపోతుంది. ఏ ఊరికి ఏ నెలలో ఎంత ఉంటుందో యూరోపియన్ కమిషన్ జాయింట్ రీసెర్చ్ సెంటర్ నడిపే పీవీజీఐఎస్ వెబ్‌సైట్‌లోనూ, ప్రపంచ బ్యాంకు గ్లోబల్ సోలార్ అట్లాస్‌లోనూ ఉచితంగా చూసుకోవచ్చు. 400 వాట్లకు 5 గంటల ఎండ దొరికితే కాగితం మీద 2000 వాట్ అవర్లు, తరుగు పోగా 1450 చేతికొస్తాయి. 1050 ఖర్చుకు అది చాలు. అదే బండి 2 గంటల ఎండ ఉన్న చలికాలంలో నిలబడితే 600 దగ్గర ఆగిపోతుంది. అందుకే ఎండాకాలపు లెక్కతో ప్యానల్ కొని, చలికాలంలో ప్రయాణం పెట్టుకున్న వాళ్ళు మూడో రోజుకి చీకట్లో కూర్చుంటారు. బండి ఏ నెలల్లో ఎక్కువగా తిరుగుతుందో ఆ నెలల ఎండనే లెక్కలోకి తీసుకోవాలి.

పైకప్పు మీద చోటు, నీడ

1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ లోకానికి చూపించిన మొదటి పనికొచ్చే సిలికాన్ సెల్ తన మీద పడిన వెలుతురులో సుమారు 6% కరెంటుగా మార్చింది. ఇప్పటి మోనోక్రిస్టలైన్ ప్యానళ్ళు 20–22% మారుస్తున్నాయి. చదరపు మీటరుకు అప్పుడు 60 వాట్లు, ఇప్పుడు 200 పైన. ఒక బండి నెత్తి మీద పట్టేంత చోటులో ఇంటికి సరిపడా కరెంటు వస్తోందంటే కారణం ఇదే. 400 వాట్లకు రెండు చదరపు మీటర్లు చాలు.

ఆరు మీటర్ల బండికి పైన 12, 13 చదరపు మీటర్లు ఉంటాయి కదా, ఇక చోటుకేం కొదవ అనిపిస్తుంది. నిచ్చెన వేసుకుని పైకెక్కితే అసలు సంగతి తెలుస్తుంది. మధ్యలో ఏసీ, రెండు వెంట్‌లు, ఒక యాంటెన్నా, ఫ్రిజ్ గొట్టం మూత, మరమ్మతుకి నడవడానికి దారి. వీటన్నిటి మధ్య మిగిలే ముక్కల్లోనే ప్యానల్ పట్టాలి. కాబట్టి ప్యానల్ కొన్నాక చోటు వెతకడం కాదు. ముందు పైకెక్కి టేపుతో కొలిచి, అట్టముక్కలు అదే సైజుకి కత్తిరించి పరిచి చూసుకోవాలి. వెంట్ మూత పూర్తిగా తెరుచుకుంటోందా అన్నది కూడా అప్పుడే తేలాలి.

అట్టముక్క పట్టినంత మాత్రాన అది మంచి చోటు అయిపోదు. 30 సెంటీమీటర్ల ఎత్తున్న ఏసీ డబ్బా నీడ, సూర్యుడు 30 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు 52 సెంటీమీటర్ల దూరం పడుతుంది. 20 డిగ్రీలకు దిగితే 82 సెంటీమీటర్లు. ఉదయం, సాయంత్రం, చలికాలమైతే దాదాపు పగలంతా ఆ నీడ పక్కనున్న ప్యానల్ మీదే ఉంటుంది. పైగా ఇంటి కప్పుకు దక్షిణం ఎప్పుడూ దక్షిణమే. బండి ఈ రోజు ఒకవైపు, రేపు ఇంకోవైపు ముఖం పెట్టి ఆగుతుంది. ఏసీకి ఏ పక్కన బిగించినా ఏదో ఒక రోజు నీడలో పడుతుంది. చేయగలిగిందల్లా దూరం జరపడమే.

కొద్దిగా నీడ పడితే కొద్దిగానే నష్టం కదా అనుకోవడం దగ్గర పెద్ద తరుగు దాగి ఉంది. 100 వాట్ల ప్యానల్‌లో సాధారణంగా 36 సెల్స్ ఒకదాని వెనక ఒకటి వరుసగా కలిపి ఉంటాయి. అన్నిటిలోనూ ప్రవహించేది ఒకే కరెంటు. నీళ్ళ పైపు మీద ఒక్కచోట కాలు వేసి తొక్కితే చివర ధార సన్నబడినట్టు, ఒక్క సెల్ మీద నీడ పడితే వరుస మొత్తం దాని స్థాయికి దిగిపోతుంది. ఒక పెద్ద ఆకు ఎగిరొచ్చి ప్యానల్ మూల అతుక్కున్నప్పుడు డిస్‌ప్లే మీద అంకె చూస్తే ఇది కళ్ళకు కడుతుంది. ఆకు పరిమాణం ప్యానల్‌లో వందో వంతు కూడా ఉండదు, పవర్ మాత్రం సగం దాకా కూలిపోతుంది.

అలా మొత్తం ఆగిపోకుండా, నీడలో ఉన్న సెల్ కాలిపోకుండా ప్యానల్‌లో బైపాస్ డయోడ్లు ఉంటాయి. 36 సెల్స్ ప్యానల్‌లో సాధారణంగా రెండు. ఒక్కోటి 18 సెల్స్‌ని కాపలా కాస్తుంది. నీడ పడిన 18 సెల్స్‌ని పక్కకు తప్పించి మిగతా 18 నుంచి కరెంటు పోనిస్తుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. మొత్తం ప్యానల్ 18 వోల్టుల దగ్గర పనిచేస్తుంది, సగం ప్యానల్ అంటే 9 వోల్టులే. 13 వోల్టుల దగ్గరున్న బ్యాటరీని 9 వోల్టులు చార్జ్ చేయలేవు.

అందుకే నీడ ఉంటే ప్యారలల్ (ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపి కరెంటు కూడేలా), నీడ లేకపోతే సిరీస్ (ఒకదాని వెనక ఒకటి కలిపి వోల్టేజి కూడేలా) అని అందరూ చెప్పే సూత్రం పూర్తిగా నిజం కాదు. రెండు ప్యానళ్ళను ప్యారలల్‌గా కలిపినప్పుడు ఒకదాని మూల నీడ పడితే ఆ ప్యానల్ దాదాపు లెక్కలోంచి పోతుంది, రెండోది నిక్షేపంగా పనిచేస్తుంది. అంటే సగం. అవే సిరీస్‌లో ఉంటే 18కి 9 కలిసి 27 వోల్టులు వస్తాయి, బ్యాటరీకి ఆ వోల్టేజి ఎక్కువే. మంచి ఎంపీపీటీ కంట్రోలర్ (ప్యానల్ ఎక్కువ పవర్ ఇచ్చే వోల్టేజిని వెతికి అక్కడే నడిపే రకం) ఆ స్థానాన్ని పసిగట్టగలిగితే ముప్పావు వంతు పవర్ దక్కుతుంది. పసిగట్టలేని కంట్రోలర్ అయితే ప్యారలల్ కన్నా తక్కువే రావచ్చు. నీడ రెండు ప్యానళ్ళ మూలల మీదా పడే చోటైతే సిరీస్‌దే పైచేయి, ఒక ప్యానల్ పూర్తిగా చెట్టు కింద పడే చోటైతే ప్యారలల్ నయం. పైకప్పును చూడకుండా దేనికీ ఓటు వేయలేం. సెల్స్‌ని సగానికి కోసి, పై భాగాన్నీ కింది భాగాన్నీ విడిగా నడిపే హాఫ్ కట్ ప్యానళ్ళు ఇప్పుడు విరివిగా దొరుకుతున్నాయి. కొలతలు కుదిరితే నీడల మధ్య బతికే మోటార్‌హోమ్‌కి అవే మంచి ఎంపిక.

గాజు ప్యానలా, వంగే ప్యానలా?

వంగే ప్యానల్ పల్చగా, 100 వాట్లకు రెండు కిలోల బరువుతో ముచ్చటగా ఉంటుంది. గాజు ప్యానల్ అదే వాట్లకు ఆరేడు కిలోలు తూగుతుంది. బండి మొత్తం బరువు పరిమితికి దగ్గరగా ఉన్నవాళ్ళకు, పైకప్పు వంపుగా ఉన్నవాళ్ళకు వంగే ప్యానల్ ఆకర్షణ అర్థం చేసుకోదగ్గదే. కానీ దాన్ని పైకప్పుకి నేరుగా అతికించేస్తే కింద గాలి ఆడదు, సెల్ ఇంకా వేడెక్కుతుంది, ఆ వేడి లోపలికీ దిగుతుంది. బండి ఊగినప్పుడు సెల్స్‌లో వెంట్రుకవాసి పగుళ్ళు వస్తాయి, పైనున్న ప్లాస్టిక్ పొర ఏళ్ళు గడిచే కొద్దీ మసకబారుతుంది. పాడైనప్పుడు ఊడదీయబోతే పైకప్పు చర్మం దానితో పాటు లేస్తుంది. వేరే దారి లేనప్పుడు తప్ప దాన్ని ఎంచుకోకపోవడమే మంచిది.

గాజు ప్యానల్‌ని మూడు నాలుగు సెంటీమీటర్ల ఎత్తులో బ్రాకెట్ల మీద నిలబెడితే కింద గాలి ఆడుతుంది. ప్యానల్ కాస్త చల్లగా ఉండి తరుగు తగ్గుతుంది. ఇంకో లాభం కూడా ఉంది. ప్యానల్ పైకప్పుకి గొడుగులా పనిచేస్తుంది, దాని కింద ఉన్న గది మధ్యాహ్నం అంత ఉడకదు.

ఆ గాలి సందే ప్రమాదం కూడా. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో గాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 48 కిలోల బరువుకు సమానం. 30 కిలోమీటర్ల ఎదురుగాలి తోడైతే 80 కిలోలు దాటుతుంది. అదంతా ప్యానల్‌ని పైకి లేపే బలంగా మారదు కానీ, ముందు అంచు కిందికి గాలి దూరితే అందులో పెద్ద భాగమే మారుతుంది. పైగా అది నిలకడగా ఉండే బలం కాదు. పక్కనుంచి లారీ వెళ్ళినప్పుడల్లా గుంజుతుంది, గతుకు వచ్చినప్పుడల్లా అదురుతుంది. వేగంగా పోతున్న బండి మీద నుంచి ఊడిన గాజు పలక వెనక వచ్చేవాళ్ళకు ఏమవుతుందో ఊహించడానికే భయంగా ఉంటుంది. అందుకే ప్యానల్ ఫ్రేమ్‌కి బ్రాకెట్‌ని పట్టించే బోల్టులకు లోపల నైలాన్ రింగు ఉండి వదులుకాని లాక్ నట్లు వాడాలి. ముందు అంచుకు గాలిని పైకి మళ్ళించే పలక పెట్టడం ఇంకా మంచిది. ఫ్రేమ్‌లో తయారీదారు ఇచ్చిన రంధ్రాలే వాడాలి తప్ప కొత్తవి వేయకూడదు.

జిగురు, స్క్రూ, నీటి చుక్క

సోలార్ పనిలో జనం కరెంటుకు భయపడతారు. అసలు భయపడాల్సింది నీళ్ళకు. ప్యానల్ పనిచేయకపోతే ఒక రోజులో తెలుస్తుంది. పైకప్పు కారితే తెలిసేసరికి లోపలి చెక్క మెత్తబడి, ప్లైవుడ్ పొరలు విడిపోయి ఉంటాయి. రంధ్రం ఉన్న చోటే నీటి చుక్క పడుతుందన్న నమ్మకం కూడా లేదు. సన్నని సందులోంచి దిగిన నీరు పైకప్పు లోపలి దూలం పట్టుకుని పాకి, రెండు మీటర్ల అవతల అల్మరా మూలలో మరకగా తేలుతుంది.

అందుకే ఫైబర్‌గ్లాస్, అల్యూమినియం పైకప్పుల మీద స్క్రూలు లేకుండా పాలీయురేథేన్ జిగురుతో బ్రాకెట్ అతికించడం బాగా వాడుకలో ఉంది. జిగురు సరిగా పట్టాలంటే జిగురు కన్నా ముందు చేసే పనే ముఖ్యం. బ్రాకెట్ కూర్చునే చోటు సబ్బు నీళ్ళతో కడిగి, ఆరాక సన్నని సాండ్‌పేపర్‌తో మెరుపు పోయేదాకా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. తుడిచిన గుడ్డ నల్లబడుతుంటే ఇంకోసారి తుడవాలి. తర్వాత ఆ చోటును చేత్తో తాకకూడదు. వేలికి ఉన్న నూనె చాలు పట్టు తప్పడానికి. తయారీదారు ప్రైమర్ చెప్పి ఉంటే అది తప్పనిసరి.

జిగురును వరుసలుగా వేసి బ్రాకెట్‌ని పెట్టి, అంచుల చుట్టూ అంతటా సమంగా బయటికి ఉబికేదాకా నొక్కాలి. అక్కడితో ఆపాలి. బలం పెట్టి నొక్కితే జిగురంతా బయటికొచ్చి, కింద కాగితమంత పొర మిగులుతుంది. ఆ పొరకు సాగే గుణం ఉండదు. ఎండకు అల్యూమినియం సాగి, రాత్రి ముడుచుకున్నప్పుడు ఆ ఊగిసలాటను తట్టుకోవడానికి రెండు మూడు మిల్లీమీటర్ల మందం మిగలాలి. ఈ జిగురు గాలిలోని తేమను పీల్చుకుని బయటి అంచు నుంచి లోపలికి గట్టిపడుతుంది. రోజుకు మూడు నాలుగు మిల్లీమీటర్ల లోతు, అదీ మొదట్లో. 4 సెంటీమీటర్ల వెడల్పున్న బ్రాకెట్ కింద నడిమధ్య గట్టిపడాలంటే వారం అయినా ఆగాలి. పైకి గట్టిగా తగులుతోందని మర్నాడే హైవే ఎక్కడం ఈ పని మొత్తంలోకీ పెద్ద తొందరపాటు.

రబ్బరు పొర ఉన్న పైకప్పుల లెక్క వేరు. ఈపీడీఎం, టీపీఓ అనే రబ్బరు లాంటి పొరల్లో ఏదైనా అయితే జిగురు పట్టుకునేది పైపొరను మాత్రమే, ఆ పొర కింద చెక్కకు ఎంత గట్టిగా అంటుకుని ఉందో ఎవరికీ తెలియదు. వాటికి దూలాల్లోకి స్క్రూలు బిగించి, బ్రాకెట్ కింద బ్యూటైల్ టేపు, స్క్రూ తలల మీద ఆ పైకప్పుకు సరిపడే సీలెంట్ వేయడమే పద్ధతి. ఏ పైకప్పు అయినా మామూలు సిలికోన్ సీలెంట్ జోలికి పోకూడదు. అది పాతబడ్డాక దాని మీద ఇంకేదీ అంటుకోదు, పూర్తిగా గీకి తీయడం నరకం.

వైరు లోపలికి దిగే రంధ్రం ఒక్కటి తప్పదు. దాన్ని అల్మరా లేదా వార్డ్‌రోబ్ పైన వచ్చేలా ఎంచుకుంటే లోపల వైరు కనపడదు, ఎప్పుడైనా చెమ్మ వస్తే వెంటనే చేతికి తగులుతుంది. డ్రిల్ పెట్టే ముందు లోపలి నుంచి పాత వైర్లు, దూలాలు ఎక్కడున్నాయో చూసుకోవాలి. రంధ్రం అంచులు ఆకురాయితో నునుపు చేసి, లోపలి గోడకు సీలెంట్ పూసి, దాని మీద గ్లాండ్ డబ్బా (వైరు చుట్టూ నీరు దిగకుండా బిగించే మూత) అతికించాలి. వైరు నోరు బండి వెనక వైపుకు తిరిగి ఉండాలి, వర్షంలో వేగంగా పోయేటప్పుడు నీరు అందులోకి తోసుకురాకుండా.

వైరు, కంట్రోలర్

12 వోల్టుల లోకంలో వైరు మందం చిన్న విషయం కాదు. వోల్టేజి తక్కువ కాబట్టి అదే పవర్‌కి కరెంటు ఎక్కువ పారుతుంది. 400 వాట్లు అంటే బ్యాటరీ వైపు 30 ఆంపియర్లు. కంట్రోలర్ నుంచి బ్యాటరీకి రెండు మీటర్ల దూరం అనుకుందాం. పోయే వైరు, వచ్చే వైరు కలిపి నాలుగు మీటర్లు. 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులో 0.35 వోల్టు పోతుంది, 10లో 0.21. పావు వోల్టుతో ఏముంది అనిపిస్తుంది. కంట్రోలర్ తన దగ్గర 14.4 వోల్టులు చూసుకుని బ్యాటరీ నిండబోతోందని అనుకుంటుంది, అదే సమయంలో బ్యాటరీ కొనల దగ్గర ఉన్నది 14.05 మాత్రమే. అలా తొందరపడి చార్జింగ్ తగ్గిస్తే లెడ్ యాసిడ్ బ్యాటరీ ఏ రోజూ పూర్తిగా నిండదు, నెలల తరబడి అలాగే ఉంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి సామర్థ్యం పడిపోతుంది. బ్యాటరీ చెడిపోయిందని దాన్ని తిట్టుకుంటాం, తప్పు మాత్రం రెండు మీటర్ల వైరుది. కంట్రోలర్‌ని బ్యాటరీకి వీలైనంత దగ్గర పెట్టి, ఆ వైపు వైరు లావుగా వేయాలి. పొడుగు వైరు తప్పదంటే అది ప్యానల్ వైపు ఉండాలి, సిరీస్‌లో ఉంటే అక్కడ వోల్టేజి ఎక్కువ కాబట్టి తరుగు కూడా తక్కువ.

కంట్రోలర్లలో పీడబ్ల్యూఎం రకం ప్యానల్‌ని బ్యాటరీ వోల్టేజికి దించేస్తుంది. 18 వోల్టుల దగ్గర 5.6 ఆంపియర్లు ఇచ్చే 100 వాట్ల ప్యానల్ 13 వోల్టుల దగ్గర కూడా 5.6 ఆంపియర్లే ఇస్తుంది, అంటే 73 వాట్లు. ఎంపీపీటీ రకం ప్యానల్‌ని దాని మంచి స్థానంలోనే ఉంచి, మిగులు వోల్టేజిని కరెంటుగా మార్చి బ్యాటరీకి పంపుతుంది. ప్యానల్ బాగా వేడెక్కినప్పుడు దాని వోల్టేజి ఎలాగూ 15 దగ్గరికి దిగిపోతుంది కాబట్టి ఆ పూట రెండిటికీ తేడా అంతగా కనపడదు. చలికాలంలో, అంటే ప్రతి వాటూ ముఖ్యమైన రోజుల్లోనే ఆ తేడా పెరుగుతుంది. ఒక్క చిన్న ప్యానల్ పెట్టుకుని లైట్లు మాత్రమే వెలిగించుకునేవాళ్ళకు పీడబ్ల్యూఎం చాలు. 200 వాట్లు దాటితే ఎంపీపీటీ గురించి రెండో ఆలోచన అక్కర్లేదు.

ఎంపీపీటీ కొనేటప్పుడు దాని గరిష్ఠ వోల్టేజిని చూడడం మర్చిపోకూడదు. ప్యానల్ వోల్టేజి చలికి పెరుగుతుంది. దేనికీ తగిలించకుండా ఖాళీగా ఉన్నప్పుడు 22 వోల్టులు చూపే ప్యానళ్ళు రెండు సిరీస్‌లో ఉంటే 44, మైనస్ 10 డిగ్రీల ఉదయం అది 48, 49కి చేరుతుంది. 50 వోల్టులు తట్టుకునే కంట్రోలర్‌ని అంచు మీద నిలబెట్టడం కన్నా 75 లేదా 100 వోల్టులది పెట్టుకోవడం నయం.

వైర్లు కలిపే వరుస కూడా ముఖ్యమే. ముందు బ్యాటరీని కంట్రోలర్‌కి కలపాలి, తర్వాతే ప్యానల్‌ని. ఊడదీసేటప్పుడు ముందు ప్యానల్. వెలుతురు ఉన్నంతసేపూ ప్యానల్‌కి స్విచ్ ఆఫ్ అనేది లేదు. పని చేసేటప్పుడు దాని మీద దళసరి దుప్పటి కప్పాలి. బ్యాటరీ ప్లస్ కొనకు వీలైనంత దగ్గర్లో ఫ్యూజ్ ఉండి తీరాలి. షార్ట్ అయితే వందల ఆంపియర్లు వదలగలిగేది ప్యానల్ కాదు, బ్యాటరీ. ఒకే దిశలో పారే డీసీ కరెంటు ఒకసారి నిప్పురవ్వ మొదలుపెడితే ఇంటి కరెంటులా దానంతటది ఆరిపోదు, అందుకే ఫ్యూజులూ బ్రేకర్లూ డీసీకి తయారైనవే కావాలి. కరెంటు పారుతుండగా ప్యానల్ వైర్లను కలిపే ఎంసీ4 కనెక్టర్‌ని లాగకూడదు. మూడు అంతకన్నా ఎక్కువ ప్యానళ్ళు ప్యారలల్‌లో ఉంటే ఒక్కోదానికీ విడిగా ఫ్యూజ్ పెట్టాలి.

బ్యాటరీ

పగలు వచ్చిన కరెంటుని రాత్రికి దాచేది బ్యాటరీ కాబట్టి రెండు రోజులు మబ్బు పట్టినా గడిచేలా చూసుకోవడం మామూలు లెక్క. పైన చెప్పిన 1050 ఖర్చుకు రెండు రోజులంటే 2100 వాట్ అవర్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడితే ఆయుష్షు తగ్గుతుంది కనుక 350 ఆంపియర్ అవర్లు (వీటిని 12 వోల్టులతో గుణిస్తే వాట్ అవర్లు) కావాలి, బరువు 100 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 85% వాడుకోవచ్చు, 200 ఆంపియర్ అవర్లు సరిపోతాయి, బరువు 25 కిలోలలోపే. గాజు ప్యానళ్ళ బరువు గురించి బెంగపడేవాళ్ళు ముందు ఇక్కడ చూసుకోవాలి. లిథియంకు ఒక్క షరతు. సున్నా డిగ్రీల కన్నా చల్లగా ఉన్నప్పుడు చార్జ్ చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని సెల్ శాశ్వతంగా దెబ్బతింటుంది. చలి ప్రాంతాల్లో బ్యాటరీని బండి లోపల వెచ్చగా ఉండే చోట పెట్టాలి, చలికి చార్జింగ్ ఆపే రక్షణ ఉన్నదే కొనాలి. కంట్రోలర్‌లో బ్యాటరీ రకం సరిగ్గా ఎంచుకున్నారో లేదో కూడా ఒకసారి చూడాలి.

చలికాలపు లోటును ప్యానల్ వాల్చి పూడ్చుకోవచ్చు. సూర్యుడు 30 డిగ్రీల ఎత్తులో ఉంటే పడుకున్న ప్యానల్‌కి నేరుగా వచ్చే ఎండలో సగమే అందుతుంది, సూర్యుడికి ఎదురుగా లేపితే రెట్టింపవుతుంది. కానీ ప్రతి మజిలీలో పైకెక్కాలి, దించడం మరిచి బయలుదేరితే ప్యానల్ తెరచాపే. చోటుంటే ఇంకో ప్యానల్ పడుకోబెట్టడమే సులువు. లేదంటే నేల మీద పెట్టుకునే మడత ప్యానల్ ఒకటి పొడుగు వైరుతో ఉంచుకుంటే, బండిని చెట్టు నీడలో చల్లగా నిలిపి ప్యానల్‌ని మాత్రం ఎండలో పెట్టుకోవచ్చు. ప్రయాణంలో ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి డీసీ–డీసీ చార్జర్ (దాన్ని బ్యాటరీకి తగ్గట్టు మార్చే పరికరం) ద్వారా వచ్చే కరెంటును కూడా లెక్కలోకి తీసుకుంటే పైకప్పు మీద ఒత్తిడి ఇంకా తగ్గుతుంది.

బిగించాక పరీక్ష

బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు డిస్‌ప్లే చూసి కంగారుపడే వాళ్ళు చాలామంది. మండుటెండలో 8 వాట్లో 10 వాట్లో కనిపిస్తాయి. ప్యానల్‌కి ఏమీ కాలేదు, తీసుకునేవాడు లేక కంట్రోలర్ అడగడం మానేసింది. అందుకని పరీక్షకు ముందు రాత్రి బ్యాటరీని 60%కి దిగేదాకా వాడేసి, మబ్బు లేని మధ్యాహ్నం, నీడ లేని చోట చూడాలి. 400 వాట్లకు 280–320 కనిపిస్తే అంతా సరిగ్గా ఉన్నట్టు. ప్యారలల్‌లో ఉండి సరిగ్గా సగం కనిపిస్తే ఒక ప్యానల్ అసలు కలవలేదు. అప్పుడు డీసీ కొలిచే క్లాంప్ మీటర్‌తో ఒక్కో ప్యానల్ వైరూ పట్టి చూస్తే ఎక్కడ సున్నా ఉందో అక్కడ కనెక్టర్ టక్కుమని పడేదాకా నొక్కలేదని తేలుతుంది. సగం కాకుండా పావు వంతో మూడో వంతో తగ్గితే ముందు నీడ కోసం వెతకాలి, తర్వాత దుమ్ము కోసం. పడుకున్న ప్యానల్ మీద వాన నీరు అంచున నిలిచి ఎండి, కింది వరుస సెల్స్ మీద సన్నని మట్టి గీత వదులుతుంది. ప్యానల్ చల్లగా ఉండే పొద్దున్న పూట మెత్తని గుడ్డ, మామూలు నీళ్ళతో ఆ గీత తుడిచి మళ్ళీ కొలవాలి. పైకెక్కినప్పుడే ప్రతి బ్రాకెట్ మూలా పట్టుకుని గట్టిగా లాగి చూడాలి, సీలెంట్ అంచుల్లో వెంట్రుకంత పగులు ఉందేమో వేలితో తడమాలి. మొదటి పొడుగు ప్రయాణం తర్వాత ఒకసారి, ఆ తర్వాత ఏడాదికి రెండుసార్లు, వానాకాలానికి ముందు తప్పకుండా.